స్కాన్ కవరులో ఉన్నది ఎవరి బొమ్మ?
ఎక్స్‌రేలు, స్కానింగులు, రోగి హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

బీరువా మీదో, పరుపు కిందో, తలుపు వెనక మేకుకో ప్రతి ఇంట్లో ఒక పెద్ద కవరు ఉంటుంది. పైన డయాగ్నస్టిక్ సెంటర్ పేరు, లోపల నల్లటి ఫిల్ములు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అది చంకన పెట్టుకుని వెళ్తాం. ఆయన వెలుతురుకు పట్టి చూసి తిరిగి ఇచ్చేస్తాడు. చట్టం దృష్టిలో అది ‘వైద్య రికార్డు’. ఆ ఒంట్లో బతుకుతున్న మనిషికి మాత్రం అది తన ఊపిరితిత్తి, తన వెన్నెముక, ఇంకా పుట్టని తన బిడ్డ. హక్కుల గురించి జనం అడిగే ప్రశ్నల్లో సగం కాగితం కోసం అడిగేవి. మిగతా సగం ఆ బొమ్మతో తమకున్న బంధం గురించి అడిగేవి. రెండింటికీ ఇక్కడ జవాబులున్నాయి.

స్కాన్‌కు డబ్బు కట్టింది నేను. ఫిల్ము నాదేనా?

ఓపీలో తీయించుకున్న ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ ఫిల్ములూ రిపోర్టూ మీ చేతికే ఇస్తారు. అవి మీ దగ్గరే ఉంటాయి. ఆస్పత్రిలో చేరి ఉన్నప్పుడు తీసినవి కేస్ షీటుతో పాటు ఆస్పత్రి రికార్డులోకి వెళ్తాయి. అసలు ప్రతి వాళ్ళ దగ్గర ఉన్నా నకలు అడిగే హక్కు మీకుంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. రోగి గానీ, రోగి అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే, అడిగినట్టు రాసుకుని 72 గంటల్లో పత్రాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది వైద్యుడి వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి ప్రకటించి అదే నెలలో దాన్ని పక్కన పెట్టింది. అందుకని 2002 నాటి నియమాలనే పట్టుకోవాలి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ఇంకాస్త ముందుకు వెళ్ళింది. ఆస్పత్రిలో ఉండగా అడిగితే వీలైనంతవరకు 24 గంటల్లో, డిశ్చార్జి అయ్యాక అడిగితే 72 గంటల్లో ఇవ్వాలంటుంది. కేంద్ర ఆరోగ్యశాఖ ఈ పత్రాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది.

“బాకీ మొత్తం కడితేనే ఫిల్ములిస్తాం” అని కౌంటర్లో అనడం మనకు అలవాటైన మాట. 72 గంటల నియమంలో అలాంటి షరతు ఎక్కడా లేదు. బిల్లు తగాదా బిల్లు తగాదాగానే తేల్చుకోవాలి. రెండో అభిప్రాయం కోసం పరుగెత్తుతున్న మనిషి చేతిలో సీటీ ఫిల్ము లేకుండా ఆపడం ఏ లెక్కన చూసినా అన్యాయమే. నకలు తీసినందుకు సహేతుకమైన ఖర్చు మాత్రం అడగొచ్చు.

ఎలా అడగాలి? నోటితో అడిగితే “రేపు రండి” అంటున్నారు.

కాగితం మీద అడగండి. తెల్ల కాగితం చాలు. రోగి పేరు, వయసు, ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాసి, ‘కేస్ షీటు నకలు, ఫలానా తేదీన తీసిన సీటీ చిత్రాలు, రిపోర్టు కావాలి’ అని విడివిడిగా రాయండి. ‘మా పేపర్లు అన్నీ ఇవ్వండి’ అని రాస్తే డిశ్చార్జి సమ్మరీ ఒకటి చేతిలో పెట్టి పంపేస్తారు. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ‘అందినది’ అని తేదీతో ముద్ర వేయించుకోండి. 72 గంటల లెక్కకు ఆ ముద్రే ఆధారం. ముద్ర వెయ్యం అంటే అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపండి. రోగి మంచం మీద ఉంటే, ఫలానా వారికి ఇవ్వండి అని రోగి సంతకంతో ఒక ఉత్తరం, గుర్తింపు కార్డు నకలు జతచేస్తే సరిపోతుంది.

ప్రభుత్వాస్పత్రిలో అయితే సూపరింటెండెంట్‌కో, ఆర్‌ఎంఓకో ఇదే దరఖాస్తు ఇవ్వాలి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ సొంత రికార్డు అడగొచ్చు. దానికి 30 రోజుల గడువుంది. ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటలే.

రిపోర్టు ఇచ్చారు, బొమ్మలు ఇవ్వలేదు. రిపోర్టు ఉంటే చాలదా?

చాలదు. రిపోర్టు అంటే ఒక రేడియాలజిస్టు ఆ చిత్రాలు చూసి రాసిన అభిప్రాయం. రెండో డాక్టరు చెప్పాల్సింది తన అభిప్రాయం. దానికి ఆయనకు చిత్రాలే కావాలి. ఒక సీటీ స్కాన్‌లో వందల కొద్దీ చిత్రాలుంటాయి. మీకిచ్చిన పెద్ద ఫిల్ము మీద గళ్ళు గళ్ళుగా కనిపించేవి అందులోంచి ఏరిన కొన్ని మాత్రమే. అందుకే ఫిల్ముతో పాటు ‘డైకామ్ ఫైళ్ళు’ సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో అడగండి. స్కాన్ యంత్రాలన్నీ వాడే ఫైలు పద్ధతి పేరే డైకామ్. హైదరాబాద్‌లో తీసిన స్కాన్‌ను వెల్లూరులోనో, డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యకు తెలిసిన డాక్టరు కంప్యూటర్లోనో అదే నాణ్యతతో చూడాలంటే ఆ ఫైళ్ళే దారి. ఫిల్మును ట్యూబులైటుకు ఆనించి ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, డాక్టరు మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు గానీ అది పరీక్ష కాదు. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, ట్యూబులైటు మెరుపు సగం ఊపిరితిత్తిని మింగేస్తుంది.

పాత ఫిల్ములు కూడా పారేయకండి. ఊపిరితిత్తిలో ఒక చిన్న గడ్డ మూడేళ్ళ కిందటి ఎక్స్‌రేలోనూ అంతే ఉందని తేలితే, బయాప్సీ దాకా పోకుండానే చాలాసార్లు డాక్టరు ధైర్యం చెప్పగలుగుతారు. ఆ పోలికకు పాత కవరే ఆధారం.

ఆస్పత్రి ఎన్నాళ్ళు దాచాలి? మా ఇంట్లో ఎలా దాచాలి?

చేరిన రోగుల రికార్డులు వైద్యం మొదలైన రోజు నుంచి కనీసం మూడేళ్ళు ఉంచాలని 2002 నియమావళి. ఆ తర్వాత ఉంటాయన్న భరోసా లేదు. కాబట్టి డిశ్చార్జి రోజునే అడిగి తెచ్చుకోవడం మేలు.

ఇప్పటి డ్రై ఫిల్ములు వేడికి, ఎండకు నల్లబడతాయి. రేకుల కప్పు కింద అటక మీద, కారు వెనక అద్దం దగ్గర పెట్టకండి. సీడీ తిప్పే యంత్రాలు కంప్యూటర్లలోంచి పోతున్నాయి గనక లోపలి ఫైళ్ళను పెన్ డ్రైవ్‌లోకి దింపుకోండి. పాత ఎక్స్‌రే ఫిల్ములో వెండి ఉంటుంది, పాత సామాన్ల వాళ్ళు అందుకే కొంటారు. అమ్మే ముందు మూల మీద పేరు, వయసు, నంబరు ఉన్న ముక్క కత్తిరించండి.

అడిగినా ఇవ్వకపోతే ఎవరి దగ్గరికి పోవాలి?

ముందు ఆస్పత్రి యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇంకోసారి గుర్తు చేయండి. ఆ తర్వాత మూడు దారులున్నాయి. ఆస్పత్రి మీద ఫిర్యాదు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు. డాక్టరు ప్రవర్తన మీద ఫిర్యాదు తెలంగాణ వైద్య మండలికో ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికో. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, రెండేళ్ళ లోపు. వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవే అని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట్లకు ఆ తీర్పు వర్తించదు. అది ప్రభుత్వాస్పత్రి అయితే సమాచార హక్కు చట్టమే మీ ఆయుధం. ఏ దారిలో వెళ్ళాలన్నా 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వాళ్ళు సలహా ఇస్తారు.

ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో వైద్యం జరిగితే, అనుమతి కోసం మీ స్కాన్లను ఆస్పత్రి పథకం వెబ్‌సైట్లో ఎక్కిస్తుంది. “ఫిల్ములు పథకం ట్రస్టుకు పంపాం” అని మిమ్మల్ని తిప్పుతుంటే, పథకం తరఫున ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ఎక్కించింది నకలు, అంతే. మీ ప్రతికి దానితో అడ్డు లేదు.

స్కాన్‌లో ఏముందో నాకు చూపించి చెప్పమని అడగొచ్చా?

అడగాలి. జబ్బేమిటో, ఎందుకొచ్చిందో రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యేలా చెప్పాలని హక్కుల పత్రంలో ఉంది. “సార్, తెర మీద ఒకసారి చూపించండి” అనడం డాక్టరును అనుమానించడం కాదు. చూసేటప్పుడు ఒక చిన్న సంగతి గుర్తుంటే తికమక పడరు. మీరు డాక్టరుకు ఎదురుగా నిలబడ్డట్టే బొమ్మ కనిపిస్తుంది కాబట్టి మీ కుడి పక్క ఫిల్ము మీద ఎడమ వైపు ఉంటుంది. మూలలో తెల్లగా వెలిగే ‘ఆర్’, ‘ఎల్’ అక్షరాలు కుడి, ఎడమలకు గుర్తులు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన మాట ఉంది. స్కాన్ సెంటర్ కౌంటర్లో రిపోర్టు చేతికి రాగానే ఆటోలో కూర్చుని కవరు చింపి చదివేస్తాం. ‘డీజెనరేటివ్ ఛేంజెస్’, ‘డిస్క్ బల్జ్’ అని ఉంటుంది. ఫోన్‌లో వెతికితే గుండె జారిపోతుంది. సాయంత్రానికి ఇంట్లో వాళ్ళంతా “నడుం అరిగిపోయిందట” అంటుంటారు. అంతకు ముందురోజు దాకా బిందె ఎత్తిన మనిషి మర్నాటి నుంచి చెంబు ఎత్తడానికి భయపడుతుంది. నొప్పి ఎంతుందో గానీ భయం మాత్రం బొమ్మలోంచే వచ్చింది.

నడుం నొప్పి అసలు లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్లను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. డిస్క్ ఉబ్బు ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. అంటే నెరిసిన జుట్టు ఫొటోలో కనిపించినట్టే వెన్నులో వయసు స్కాన్‌లో కనిపిస్తుంది. అందుకే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “ఇందులో కనిపించినదే నా నొప్పికి కారణమా, లేక ఈ వయసులో మామూలుగా ఉండేదా?” ఆ ప్రశ్నకు జవాబు వినకుండా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఒక పనికి ఇచ్చిన ఒప్పుకోలు ఇంకో పనికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. పరీక్షకు సంతకం పెట్టడమంటే వైద్యానికి ఒప్పుకోవడం కాదు.

నాకు చూడాలని లేదు. తెర తిప్పేయమనొచ్చా?

నిశ్చింతగా అనొచ్చు. తెలుసుకోవడం మీ హక్కు. చూసి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. “ఏముందో మాటల్లో చెప్పండి, బొమ్మ వద్దు” అనొచ్చు, “ఈ రోజు వద్దు, రేపు మా అక్కతో వచ్చి వింటాను” అనీ అనొచ్చు.

ఈ మాట ముఖ్యంగా గర్భం నిలవని తల్లుల కోసం. గుండె చప్పుడు వినిపించడం లేదని తేలిన గదిలోనే, పక్క మంచం మీద ఇంకొకరి బిడ్డ గుండె టకటకమని వినిపిస్తుంటుంది. యంత్రం శబ్దం తగ్గించమనీ, తెర అటు తిప్పమనీ, కాసేపు విడిగా కూర్చోనివ్వమనీ అడిగితే ఏ నియమానికీ భంగం లేదు. కొందరు ఆ చివరి స్కాన్ ముద్రణను కావాలని అడిగి దాచుకుంటారు. ఆ బిడ్డది వాళ్ళ దగ్గర ఉండే బొమ్మ అదొక్కటే కావచ్చు. ఇంకొందరు ముట్టుకోలేరు. కవరు ఇంట్లో వాళ్ళు దాచేయాలా, పారేయాలా అన్నది ఆ తల్లి చెప్పాలి. అత్తగారో భర్తో “చూస్తే ఏడుస్తుంది” అని ముందే చింపేయడం మంచితనంతో చేసే పనే కావచ్చు. అయినా తప్పే. కొన్ని నెలల తర్వాత ఆమె అడిగితే తెచ్చి ఇవ్వడానికి ఏమీ ఉండదు.

గర్భిణికి చేసే స్కాన్ బొమ్మ ఇంటికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. ఆడబిడ్డా మగబిడ్డా అన్నది మాత్రం ఏ రూపంలోనూ చెప్పకూడదు. 1994లో వచ్చి 2003లో గట్టిపడిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ చెప్పడం నేరం. చెప్పిన డాక్టరుకు మూడేళ్ళ దాకా జైలు. చెప్పమని అడిగిన భర్తకూ బంధువులకూ శిక్ష ఉంది. ఒత్తిడితో ఒప్పుకున్న గర్భిణిని మాత్రం చట్టం కాపాడుతుంది. భర్త, బంధువులే ఒత్తిడి చేశారని కోర్టు ముందుగా భావిస్తుంది. అమెరికాలో ఉన్న చెల్లెలికి అక్కడి డాక్టరు చెప్పేశారు కదా, ఇక్కడ మాకెందుకు చెప్పరు అని అడిగేవాళ్ళున్నారు. అక్కడ చట్టం వేరు. ఇక్కడ కడుపులోనే ఆడపిల్లల్ని చంపుకున్న చరిత్ర ఉంది కాబట్టి ఈ చట్టం వచ్చింది. లింగ నిర్ధారణ చేయం అని సెంటర్లో గోడకున్న బోర్డును చూసి విసుక్కోకండి.

అమ్మ స్కాన్‌లో క్యాన్సర్ అని వచ్చింది. ఆమెకు చూపించొద్దని డాక్టరుకు చెప్పాం. సరైనదేనా?

మన ఇళ్ళలో ఇది ప్రేమతో జరిగే పని. కవరు పెద్దకొడుకు చేతికి వెళ్తుంది, అమ్మకు ‘గ్యాస్ట్రిక్ ప్రాబ్లం’ అని చెబుతారు. హక్కు ప్రకారం చూస్తే స్కాన్ ఆమెది, సమాచారం ఆమెది, రహస్యంగా ఉంచాలా వద్దా అన్న నిర్ణయమూ ఆమెదే. డాక్టరు రోగి గుట్టు బయటపెట్టకూడదన్న నియమం బయటివాళ్ళ విషయంలోనే కాదు, కుటుంబం విషయంలోనూ ఉంది. రోగి ఒప్పుకుంటే కొడుకుకు చెప్పాలి. కొడుకు ఒప్పుకుంటే రోగికి చెప్పడం అన్నది తలకిందులైన వరస.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దాచకండి. కీమోథెరపీ వార్డులో కూర్చోబెట్టాక ఎవరూ చెప్పకపోయినా ఆమెకు తెలిసిపోతుంది, తెలిసిందని మీకు చెప్పదు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరికొకరు దాచుకుంటూ గడుపుతారు. మొదటి రోజే అడగండి: “అమ్మా, స్కాన్ వచ్చింది. డాక్టరుగారు నీకే చెప్పాలా, నన్ను విని వచ్చి చెప్పమంటావా, ఎంతవరకు చెప్పమంటావు?” చాలామంది అమ్మలు “నువ్వే విని రా నాన్నా” అంటారు. అప్పుడు మీరు వినడం ఆమె ఇష్టప్రకారమే అవుతుంది.

స్కాన్ గదిలో మంగళసూత్రం తీయమన్నారు. తీయాల్సిందేనా? ఇంకా ఏం అడగొచ్చు?

ఎంఆర్‌ఐ గదిలో తీయాల్సిందే. అక్కడి అయస్కాంతం సాధారణంగా 1.5 టెస్లాది, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. స్కాన్ జరగనప్పుడూ అది పనిచేస్తూనే ఉంటుంది. బంగారాన్ని అయస్కాంతం లాగకపోయినా స్కాన్ జరుగుతున్నప్పుడు అది వేడెక్కొచ్చు, చిత్రాన్నీ పాడుచేస్తుంది. అసలు ప్రమాదం సూత్రానికి తగిలించుకునే పిన్నీసులతో. ఉక్కు పిన్నీసు ఆ గదిలో బాణంలా ఎగురుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో అయితే గొలుసు తెల్లటి నీడై ఊపిరితిత్తి మీద పడుతుంది.

కారణం చెప్పి అడిగితే ఎవరూ కాదనరు. కౌంటర్ దగ్గర “అన్నీ తీసి ట్రేలో పెట్టండి” అని అరిస్తేనే మనసు విరుగుతుంది. పెళ్ళయిన నాటి నుంచి మెడలోంచి తీయని మనిషికి ఆ క్షణం చిన్నది కాదు. చాలామంది లోహమేదీ లేని పసుపు తాడు కట్టుకుని లోపలికి వెళ్తారు. ముందురోజే సెంటర్‌కు ఫోన్ చేసి అలా చేయొచ్చా అని అడగండి. తీసిన నగలు మీ వాళ్ళ చేతికే ఇవ్వండి, ట్రేలో వదలకండి. 1895 డిసెంబరు 22న జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ తీసిన తొలి ఎక్స్‌రే చిత్రాల్లో ఒకటి ఆయన భార్య బెర్తా చేతిది. వేలికి ఉంగరం అలాగే ఉంది. తన ఎముకలు చూసుకుని ఆమె, నా చావును చూసుకున్నాను అందని చెబుతారు. యంత్రం ముందు నిలబడ్డ మొదటి మనుషుల్లో ఒకరికే అంత కదిలినప్పుడు, మన పల్లెల నుంచి వచ్చిన అమ్మలకు కదలదా?

గదిలో మీరు అడగదగ్గవి ఇంకొన్ని ఉన్నాయి. కప్పుకోవడానికి గౌను, తలుపుకు గడియ. మగ డాక్టరు ఆడవాళ్ళను పరీక్షించేటప్పుడు మరో స్త్రీ తోడు ఉండాలని హక్కుల పత్రంలోనే ఉంది. గర్భాశయానికి టీవీఎస్ అనే, లోపలి నుంచి చేసే స్కాన్ చేస్తారు. పడుకోబెట్టాక చెప్పకుండా మొదలుపెట్టే చోట్లున్నాయి. ఏం చేస్తారో ముందే చెప్పాలి, మీరు సరేనన్నాకే మొదలుపెట్టాలి, మధ్యలో ఆపమంటే ఆపాలి. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌తో సరిపోతుందా అని అడగండి. పెళ్ళికాని అమ్మాయిల విషయంలో ఇది మరీ ముఖ్యం.

రేడియేషన్ గురించి?

ఎంఆర్‌ఐలో, అల్ట్రాసౌండ్‌లో హానికరమైన రేడియేషన్ లేదు. ఒక ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.1 మిల్లీసీవర్ట్, పొట్ట సీటీకి దాదాపు 8. ప్రకృతి నుంచే ఏడాదికి సగటున 2.4 అందుతుంది. భయపడాల్సింది లేదు, అడగాల్సింది మాత్రం ఉంది: “ఈ సీటీ ఎందుకు? పోయిన నెల తీసింది పనికిరాదా?” గర్భవతి అయ్యే అవకాశముంటే ముందే చెప్పాలి. ఎక్స్‌రే యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఉందా అని అడిగితే తప్పు కాదు.

డాక్టరు నా స్కాన్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టారని తెలిసింది. పెట్టొచ్చా?

సలహా కోసం ఇంకో డాక్టరుకు చూపించడం వైద్యంలో భాగమే. మీ పేరు కనిపించే ఫిల్మును మీ వైద్యంతో సంబంధం లేనివాళ్ళ ముందు పెట్టడం వేరు. 2002 నియమావళి ప్రకారం రోగి ఎవరో తెలిసిపోయేలా ఫొటోలు గానీ కేసు వివరాలు గానీ రోగి అనుమతి లేకుండా ప్రచురించకూడదు. గుర్తు తెలియకపోతే అనుమతి అక్కర్లేదని కూడా అదే నియమం అంటుంది. ఆ రెండో వాక్యం నాకు మింగుడుపడదు. ఎందుకో చెప్పడానికి పారిస్‌లో జరిగిన సంగతి ఒకటి చాలు.

2015 నవంబరులో అక్కడి బాటక్లాన్ థియేటర్ మీద ఉగ్రవాదులు దాడి చేశారు. గాయపడిన ఒక యువతి ముంజేతిలో కలాష్నికోవ్ తూటా దిగింది. ఆమెకు ఆపరేషన్ చేసిన సర్జన్, తూటాతో ఉన్న ఆ ఎక్స్‌రేను 2022 జనవరిలో ఇంటర్నెట్‌లో డిజిటల్ కళాఖండంగా అమ్మకానికి పెట్టాడు. పేరు రాయలేదు. ఆ దాడిలో ఆమె తన ప్రియుణ్ణి కోల్పోయిందని మాత్రం రాశాడు. ఆమెను అడగలేదు. పారిస్ ప్రభుత్వాస్పత్రుల అధిపతే బహిరంగంగా ఖండించారు. పేరు లేకపోతే రోగి లేనట్టే అనుకునే నియమాలు పట్టించుకోని సంగతి ఇదే. ఆ రాత్రి ఆమె జీవితంలో ఏం జరిగిందో ఆ ఎముకే చెబుతుంది. తెలిసినవాళ్ళు చూడగానే పోల్చుకుంటారు.

మన దగ్గర 2011 నాటి ఐటీ నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించాయి. రహస్య భాగాల చిత్రాలను అనుమతి లేకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ళ దాకా జైలు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తేల్చారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

పేరు తీసేసి పరిశోధనకు వాడతాం అంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

మంచి పనికి ఉపయోగపడుతుందనిపిస్తే పెట్టండి. క్షయ, రొమ్ము క్యాన్సర్ గుర్తించే కంప్యూటర్ పద్ధతులు మన స్కాన్ల లాంటివి చూసే నేర్చుకుంటాయి. కాకపోతే పేరు తీసేయడం అనుకున్నంత గట్టి తలుపు కాదు. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది తల ఎంఆర్‌ఐల నుంచి ముఖాలను కంప్యూటర్లో తయారు చేశారు. ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ వాటిలో 83 శాతాన్ని అసలు ఫొటోలతో సరిగ్గా జతచేసింది. 2022లో కాలిఫోర్నియా కళాకారిణి ఒకామె, తన డాక్టరు 2013లో తన వైద్యం కోసం తీసిన ముఖం ఫొటోలు కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే ఒక భారీ చిత్రాల సంగ్రహంలో ఉన్నాయని కనిపెట్టింది. తను సంతకం చేసిన ఒప్పుకోలు ఆ డాక్టరు దగ్గర ఉంచుకోవడానికే. కాబట్టి కాగితంలో మూడు సంగతులు చూడండి: ఎవరికి ఇస్తారు, దేనికి వాడతారు, తర్వాత వద్దంటే తీసేస్తారా. సంతకం పెట్టనన్నందుకు వైద్యం ఆపకూడదు.

నాన్నగారు పోయారు. ఆయన స్కాన్లు మాకిస్తారా?

వారసులుగా మరణ ధ్రువపత్రం, మీ సంబంధం చూపే పత్రం జతచేసి రాతపూర్వకంగా అడగండి. బీమాకు, కోర్టు కేసుకు కావాలంటే ఆ సంగతి రాయండి. దేనికీ కాదు, దాచుకోవడానికే అయినా సిగ్గుపడకుండా అడగండి. వంశంలో గుండె జబ్బో, పేగు క్యాన్సరో ఉంటే పిల్లల వైద్యానికి అవి పనికొస్తాయి కూడా. మూడేళ్ళ గడువు ఇక్కడా గుర్తుంచుకోండి. కొత్త సమాచార రక్షణ చట్టంలో, నా తర్వాత నా సమాచారం మీద హక్కులు ఫలానా వారికి అని బతికుండగానే పేరు ఇచ్చే వీలుంది.

నా స్కాన్‌ను నేనే ఫేస్‌బుక్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, మీ ఒళ్ళు మీ ఇష్టం. 2012లో మెదడులో గడ్డ ఉందని తెలిసిన ఇటలీ కళాకారుడు సాల్వతోరె యాకొనేసి ఆస్పత్రి నుంచి తన డైకామ్ ఫైళ్ళు తెచ్చుకుని, ఎవరైనా తెరవగలిగే రూపంలోకి మార్చి ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. తన జబ్బుకు మందు చెప్పేవాళ్ళు చెప్పండి, పాట రాసేవాళ్ళు రాయండి, బొమ్మ వేసేవాళ్ళు వేయండి అన్నాడు. డాక్టర్ల నుంచీ కళాకారుల నుంచీ వేల జవాబులు వచ్చాయి. రోగి అన్న ఒక్క మాటలోకి తనను కుదించడం అతనికి ఇష్టం లేకపోయింది. జబ్బు తెలిశాక ఆపరేషన్ చేయించుకుని పదేళ్ళు బతికి 2022లో కన్నుమూశాడు.

మీరు పెట్టేటప్పుడు ఫిల్ము మూలలో ఉన్న పేరు, వయసు, ఐడీ నంబరు, క్యూఆర్ కోడ్ కప్పేయండి. క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే కొన్ని సెంటర్లలో మొత్తం రిపోర్టే తెరుచుకుంటుంది. డైకామ్ ఫైలును అలాగే ఎవరికైనా పంపితే పేరు, పుట్టిన తేదీ ఫైలు లోపల దాగి వెళ్తాయి. వాటిని తీసేసి ఇవ్వమని సెంటర్ టెక్నీషియన్‌ను అడిగితే చేసి ఇస్తారు. ఇంట్లో వేరొకరి స్కాన్ అయితే, చిన్నపిల్లలదైనా సరే, వాళ్ళను అడగకుండా పెట్టకండి.